గేటు దగ్గరకు కంప్యూటర్ ఎందుకొచ్చింది

కంప్యూటర్ చదువు చదివి మా వైపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సంస్థలు కొత్త సిస్టం ఎందుకు పెట్టుకుంటాయో మీకు చదువు చెప్పినవాళ్లు చెప్పే ఉంటారు. పని తొందరగా కావాలని, తప్పులు తగ్గాలని, అంతా తేటగా కనబడాలని. అది నిజమే. పెళ్లి ఎందుకు చేసుకుంటారంటే వంశం నిలబడడానికి అని చెప్పినంత నిజం.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. కాయలు కోసే బల్ల దగ్గర మొదలుపెట్టి గేటు దగ్గర యార్డు సూపర్‌వైజరుగా ముగించాను. మధ్యలో ఎట్లా ఎదిగానన్నది మీకు పనికొచ్చే సంగతి కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది నడివయసులో. ఫ్యాక్టరీ వెనక కాలనీలో సాయంత్రం బడి పెడితే పోయి కూర్చున్నాను. బడిలో నేర్చుకున్నది పగలు ట్రాక్టర్ల వెనక రాసిన పేర్ల మీద కూడబలుక్కునేదాన్ని. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. రాసి ఉన్నదేదైనా మొదటినుంచి చివరిదాకా చదువుతాం, మధ్యలో దాటేయలేం. చదివినదాన్ని నమ్మే అలవాటు మాత్రం నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

గుడ్డ కప్పుకున్న కంప్యూటర్లు

మా ఫ్యాక్టరీలోకి మొదటి కంప్యూటర్ రావడానికి కారణం పక్క ఫ్యాక్టరీ. వాళ్లు పెట్టారు కాబట్టి మేమూ పెట్టాం. దానికోసం ఒక గది కట్టి, ఏసీ బిగించి, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలని రూలు పెట్టారు. ఎండాకాలంలో ఆఫీసువాళ్లు ఆ గదిలో కూర్చుని భోజనం చేసేవాళ్లు. ఆయుధపూజ నాడు దానికి కుంకుమ పెట్టి, చామంతిపూల దండ వేసేవాళ్లం. ఏడాదిలో దానికి పని తగిలే రోజు అదే.

రెండోది అప్పు ఇచ్చే బ్యాంకువాళ్లు అడిగితే వచ్చింది. మూడోది కొత్త మేనేజరుతో వచ్చింది. పాత మేనేజరు పెట్టిన సిస్టంలో ప్రతి కాగితం అడుగునా ఆ పాతాయన పేరు పడేది. దాన్ని తీయడం కుదరదని ఆ సిస్టం అమ్మిన కంపెనీవాళ్లు చెప్పారు. అయితే సిస్టమే మార్చేద్దాం అన్నాడు ఈయన. మీటింగులో మాత్రం భవిష్యత్తు అవసరాలు అన్నాడు. అందరం తల ఊపాం.

ఈ మూడింటి వల్లా ఎవరికీ నష్టం జరగలేదు, లాభమూ జరగలేదు. నాలుగోది నేను పనిచేసే గేటు దగ్గరకే వచ్చింది. నేను చెప్పదలచుకున్నది దాని సంగతి.

అట్లనే

మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. మంచి మనిషి. ఆయన నోట కాదు అన్న మాట వినలేదని ఊరంతా చెప్పుకునేది. అది పొగడ్త అని ఆయన అనుకునేవాడు. గేటు దగ్గర నిలబడే నాకు మాత్రం అది జబ్బులా కనిపించేది.

సీజన్ వస్తే మా గేటు ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడతాయి. వచ్చిన బండికి వచ్చిన వరసలో మడ్గార్డు మీద సుద్దముక్కతో నంబరు వేసేదాన్ని. ఆ వరసలోనే లోపలికి పంపాలి. ఎండలో టార్పాలిన్ కింద కాయ ఎన్నాళ్లుంటుంది? పైకి గట్టిగా కనిపిస్తూనే అడుగునుంచి మెత్తబడుతుంది. ట్రైలరు సందుల్లోంచి రసం కారడం మొదలయిందంటే రైతు ముఖం చూడలేం.

ఇంతలో పెద్దాయనకు ఫోన్లు వస్తాయి. చుట్టాలు, నాయకులు, మండీ వ్యాపారులు, పాత స్నేహితులు. ప్రతి ఒక్కరికీ తమ బండి ముందు పోవాలి. పెద్దాయన ప్రతి ఒక్కరికీ 'అట్లనే' అంటాడు. ఆ అట్లనే తిరిగి నాకు ఫోనుగా వస్తుంది. నేను ఎక్కడో వెనకున్న బండిని పిలిచి గేటు తీయాలి. వరసలో ఉన్నవాళ్లు నన్ను ఏమంటారో ఇక్కడ రాయను. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఒక సీజను మధ్యలో కొందరు రైతులు గేటు ముందు బైఠాయించారు. విషయం పేపర్లో పడింది. పెద్దాయన రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. మూడోరోజు వచ్చి కంప్యూటర్ టోకెన్లు పెడుతున్నామని ప్రకటించాడు.

హరిత అడిగిన ప్రశ్న

తిరుపతి నుంచి ఒక కంపెనీ ఈ పనికి హరిత అనే అమ్మాయిని పంపింది. చిన్న వయసు, చురుకైన పిల్ల. వచ్చినరోజే అందరినీ కూర్చోబెట్టి, ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటని ఒక్కొక్కరినీ అడిగింది. మేనేజరు రిపోర్టులు సమయానికి రావడం లేదన్నాడు. కాటా దగ్గరి ఆయన తూకం చీటీలు కలగాపులగం అవుతున్నాయన్నాడు. ల్యాబ్ వాళ్లు విదేశాల్లో గుజ్జు కొనే కంపెనీ ఏ కాయ ఏ తోటదో చూపించమంటోందన్నారు. పెద్దాయన రైతు సౌకర్యం అన్నాడు.

నన్ను గేటు దగ్గరకు వచ్చి అడిగింది.

"ఇబ్బంది ఏముండాది మా, అయ్యకు ఫోనొస్తే కాదని చెప్పలేడు," అన్నాను. "ఆయన బదులు ఎవురైనా చెప్పాల. ఇన్నాళ్లూ నేను చెప్తా ఉండా. ఇంక నీ మిషను చెప్తాది."

ఆ పిల్ల నవ్వలేదు. "అది నేను రిపోర్టులో రాయలేను ఆంటీ. రాస్తే ప్రాజెక్టే రాదు," అంది.

ఆ మాటతో ఆమె మీద నాకు గౌరవం కలిగింది. సిస్టం దేనికో తెలిసి కట్టేవాళ్లు తక్కువ. తెలిసినా బయటికి చెప్పలేకపోవడం ఆమె తప్పు కాదు. రిపోర్టులో ఆమె అందరి కారణాలూ పొందికగా రాసింది. నా కారణం తప్ప అన్నీ ఉన్నాయి.

నాణ్యత

గేటు పక్కన పెద్ద టీవీ పెట్టారు. బండి రాగానే నంబరు పడుతుంది, తెర మీద వరస కనిపిస్తుంది, స్పీకరులో హరిత గొంతే రికార్డు చేసి పెట్టారు కాబట్టి ఆ గొంతు నంబరు పిలుస్తుంది. వరసలో ఉన్న ముసలాయన ఒకడు తన నంబరు వినబడితే "వస్తా ఉండా తల్లీ" అని లేచేవాడు. నా సుద్దముక్కకు సెలవిచ్చాను. నన్ను తిట్టేవాళ్లు కూడా తగ్గారు.

అందరికంటే సంతోషించింది పెద్దాయన. ఫోను వస్తే ఆయన గొంతు గేటుదాకా వినబడేది. "నా చేతిలో ఏముండాదప్పా, అంతా కంప్యూటరే. నా సొంత తోట కాయలైనా నిలబడాల్సిందే." జీవితంలో మొదటిసారి ఆ మనిషి కాదు అని చెప్పాడు. అదీ తన నోటితో కాకుండా. సిస్టం పెట్టింది అందుకే కాబట్టి, సిస్టం విజయవంతమైందనే అనాలి.

అది కొద్దిరోజులే. పెద్దాయన కూతుర్ని ఇచ్చింది బంగారుపాళ్యం వైపు పెద్ద తోటలున్న ఇంటికి. ఆ వియ్యంకుడు ఫోను చేశాడు. ఆయనకు కంప్యూటర్ సంగతి చెప్పినా వినే మనిషి కాడు. పెద్దాయన హరితను పిలిపించాడు. సంతకాలకోసం నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ఒక్క బండి మా," అన్నాడు పెద్దాయన. "బిడ్డనిచ్చిన ఇల్లు. ఆయనకు మిషన్ ఒప్పుకోలేదని చెప్తే ఏం బాగుంటాది?"

వరస దాటించాలంటే సిస్టంకు ఏదో ఒక కారణం ఇవ్వాలని హరిత చెప్పింది.

"వియ్యంకుడని పెట్టలేం గదా," అన్నాడు.

మేనేజరు దోవ చూపించాడు. విదేశీ కంపెనీకోసం అప్పుడప్పుడు ఒక బండిని వరసలోంచి తీసి, కాయలను ల్యాబులో పరీక్ష చేసే ఏర్పాటు సిస్టంలో ముందే ఉంది. దాని పేరు నాణ్యత. ఆ గడిలో టిక్కు పెడితే బండి నేరుగా ముందుకొస్తుంది. కొత్తగా ఏమీ కట్టాల్సిన పనిలేదు.

"సార్, దానికి ల్యాబ్ ఫలితం ముడిపెట్టి ఉంది," అంది హరిత. "కాయ బాగాలేదని వస్తే ఆ బండికి తాళం పడిపోతుంది. కొనేవాళ్లు అట్లా అడిగారు."

"పడనీ మా. మా వియ్యంకుడి కాయలకు ఏం తక్కువ?"

నిజంగానే తక్కువేమీ లేదు. పొద్దున కోసిన కాయలు, మధ్యాహ్నానికి గేటులో ఉన్నాయి. పరీక్షలో ఎందుకు పోతాయి? ఆ టిక్కు గురించి తెలిసినవాళ్ల కాయలన్నీ అంతే. వారం తిరిగేసరికి ఫోను చేసే ప్రతివాళ్లకూ నాణ్యత సంగతి తెలిసిపోయింది. "నాణ్యత పెట్టించు సార్" అని అడిగేవాళ్లు. పెద్దాయన అట్లనే అనేవాడు.

వరసలో ఉన్న రైతులు తెరను చూస్తూ ఉండేవాళ్లు. పొద్దున ముందుకు జరిగిన నంబరు సాయంత్రానికి వెనక్కి జరిగేది. మునుపు వచ్చి నాతో తగాదా పడేవాళ్లు. ఇప్పుడు తెరతో ఏమని తగాదా పడతారు? పక్కన 'నాణ్యత' అని పచ్చరంగులో కనిపిస్తుంది. కొందరు అది నిజమేనని నమ్మి, మన కాయల్లో ఏం లోపమో అని ఒకరినొకరు అడగడం విన్నాను. పాత పద్ధతిలో అన్యాయం జరిగితే రైతుకు కోపం వచ్చేది. కొత్త పద్ధతిలో సిగ్గు వచ్చింది. అంతకుమించి తేడా లేదు.

దేవకమ్మ కాయలు

కార్వేటినగరం వైపునుంచి దేవకమ్మ అనే ఆమె ఒక ట్రాక్టరు కాయలు తెచ్చింది. తోట ఆమెది కాదు, గుత్తకు తీసుకుంది. ఆ ఏడు గాలివానకు తోటలో చాలామటుకు రాలిపోగా చెట్టున మిగిలింది ఆ ఒక్క లోడే. అది లోపలికి పోతే ఏడాది గడుస్తుంది, లేకపోతే లేదు. ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు. నాతోపాటు గేటు నీడలో కూర్చుని, కాయ ముచ్చిక వాసన చూస్తూ, మామూలుగా చెప్పింది.

రోజులు గడిచాయి. ఆమె నంబరు రెండుసార్లు గేటుదాకా వచ్చి వెనక్కి పోయింది. ట్రైలరు కింద నేల తడిసింది. తేనెటీగలు మూగాయి.

"ఆ పచ్చరంగు యాడ అమ్ముతారక్కా?" అని అడిగింది నన్ను.

నేను చెప్పాను. ఫోను చేసేవాళ్లకు ఇస్తారని, ఫోను లేకపోయినా మనిషి ఎదురుగా నిలబడితే పెద్దాయన కాదనలేడని. ఆమె చీర దులుపుకుని లేచి ఆఫీసులోకి పోయింది. బంట్రోతు ఆపితే ఆగలేదు. నేను ఊహించినట్టే అయింది. పెద్దాయన ఆమెకు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "అట్లనే మా, ఇప్పుడే" అన్నాడట. టిక్కు పడింది. స్పీకరు దేవకమ్మ నంబరు పిలిచింది. వరసలోవాళ్లు ఈలలు వేశారు.

బండి గేటు దగ్గరకు రాగానే ల్యాబు అమ్మాయి వచ్చి బుట్టెడు కాయలు తీసుకుపోయింది. కాసేపటికి తెర ఎర్రబడింది. నేను అక్షరం అక్షరం చదివాను. లోడు నిరాకరించబడింది.

గేటు లేవలేదు. కాటా పనిచేయలేదు. మేనేజరు ఏం చేసినా తాళం విడలేదు. తిరుపతికి ఫోను చేస్తే హరిత, తనకు కూడా దాన్ని తీసే అధికారం లేదని, విదేశాల్లో కొనే కంపెనీవాళ్లకు ఇప్పటికే కనబడి ఉంటుందని చెప్పింది.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. వరసలో మామూలుగా వచ్చిన బండిలో కాయ మెత్తబడి ఉంటే మా యార్డు ఆడవాళ్లు ఏరి, మంచివి తీసుకుంటారు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, కంప్యూటర్‌లో కూడా ఉంది. వరస దాటి ప్రత్యేకంగా వచ్చిన బండికి మాత్రం ఏరడం లేదు. మొత్తం పుచ్చుకోవడం, లేదా మొత్తం తిప్పి పంపడం. నాణ్యత టిక్కు అంతవరకు ఎండలో నిలబడని బండ్లకే పడింది కాబట్టి ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. వరసలో నిలబడి నిలబడి దాన్ని సంపాదించింది దేవకమ్మ ఒక్కతే.

పెద్దాయన గేటు దగ్గరకు వచ్చాడు. ఎర్రగా ఉన్న తెరను చూశాడు. దేవకమ్మను చూశాడు.

"నా చేతిలో లేదు మా," అన్నాడు. "కంప్యూటరు..."

వరస వరసంతా నవ్వింది. సీజనంతా విన్న మాట అది. ఆరోజు మాత్రం అది అక్షరాలా నిజం. నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు.

దేవకమ్మ నవ్వలేదు. "దాన్నే బయటికి పిలువు సార్," అంది. "ఆ కంప్యూటరుతోనే మాట్లాడతా. నువ్వు అట్లనే అంటివి, అది కాదనె. మీ ఇద్దరిలో యజమాని ఎవురో నాకు తెలియాల గదా."

ఆమె డ్రైవరు వైపు తిరిగి, "దించబ్బా" అంది.

ట్రైలరు లేచింది. కాయలన్నీ గేటుకు అడ్డంగా జారిపడ్డాయి. రసం చిమ్మి పెద్దాయన పంచె అంచుదాకా వచ్చింది. ఇంక ఏ బండీ లోపలికి పోదు. సరిగ్గా అప్పుడే పచ్చ నాణ్యతతో వియ్యంకుడి బండి వచ్చి హారన్ కొట్టింది. దారి లేదని తెలిసి ఆ డ్రైవరు ఎవరికో ఫోను చేసి, దాన్ని తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టాడు. "మా అయ్య మాట్లాడతాడంట సార్."

అవతలి గొంతు నాకు వినబడుతూనే ఉంది. ఆ కుప్పను పక్కకు తోయించమంటున్నాడు. చుట్టూ రైతులు నిలబడి ఉన్నారు. పెద్దాయన కాళ్ల చుట్టూ కాయలు.

"బావా," అన్నాడు పెద్దాయన చివరికి, "నీ బండిని వెనక్కి పోయి వరసలో నిలబడమని చెప్పు. ఈడ దోవ లేదు. లేదు బావా. కంప్యూటరు కాదు, నేనే చెప్తా ఉండా."

ఫోను తిరిగి ఇచ్చేసి, నా వైపు చూడకుండానే "ఏరించు చెంగమ్మా" అన్నాడు.

యార్డులోని ఆడవాళ్లందరం బుట్టలతో బయటికొచ్చాం. మంచివి చిన్నగేటులోంచి చేతుల మీదుగా లోపలికి మోశాం. బుట్టల్లో పోయే కాయలకు బండి నంబరు ఉండదు, నంబరు లేనిది కంప్యూటర్‌కు కనబడదు కాబట్టి, మూలన పడేసిన పాత త్రాసు మీద తూచాం. మెత్తబడినవి రోడ్డు పక్కన పశువులకు పోశాం. దేవకమ్మ మాతోపాటే వంగి ఏరింది. సగానికి కొంచెం పైన నిలిచాయి. మొదటిరోజే లోపలికి పోయి ఉంటే అన్నీ నిలిచేవి.

పోయేటప్పుడు ఆమె ఎవరికీ దండం పెట్టలేదు. "సగం బతికినాము," అని నాతో అని ట్రాక్టరెక్కింది. మరుసటి ఏడు ఆమె మా గేటుకు రాలేదు. దామలచెరువు మండీకి వేస్తోందని విన్నాను.

మీకు చెప్పదలచుకున్నది

పెద్దాయన చెడ్డవాడని నేను రాయడం లేదు. చెడ్డవాడైతే కాదు అని సులువుగా చెప్పేవాడు, కంప్యూటర్ ఖర్చే ఉండేది కాదు. హరిత పనిలో కూడా లోపం లేదు. ఆమె కట్టిన సిస్టం ఎవరేది అడిగితే అదే చేసింది. అడిగినవాళ్లలో ఏ ఇద్దరూ ఒకే కారణానికి అడగలేదు, అంతే.

మీరు ఏదైనా సంస్థకు పోతే, సమస్య ఏమిటని అడగమని మీకు నేర్పి ఉంటారు. అడగండి. చెప్పినవన్నీ రాసుకోండి, జీతం దానికే ఇస్తారు. తర్వాత ఆ సంస్థలో ఎవరు ఎవరికి ఏ మాట చెప్పలేకపోతున్నారో కూడా చూడండి. నాకు తెలిసిన సిస్టంలలో ఎక్కువభాగం ఆ చెప్పలేని మాటకోసం వచ్చినవే. చుట్టానికి కాదని చెప్పలేక కొన్ని, తోడబుట్టినవాణ్ని నమ్మడం లేదని చెప్పలేక కొన్ని, పాతవాడి పేరు చూడలేనని చెప్పలేక కొన్ని. అది తెలిసినంతమాత్రాన మీరు పని మానుకోనక్కరలేదు. మిషను ఎవరి బదులు మాట్లాడుతోందో తెలిసి కట్టండి.

నేను రిటైరయ్యే ముందు పెద్దాయన ఇంకో మీటింగు పెట్టాడు. ఆ సిస్టం తీసేసి, కొత్తది పెట్టాలని. హరిత కూడా వచ్చింది. కారణాలు అడిగింది. వేగం అన్నాడు మేనేజరు. పారదర్శకత అన్నాడు పెద్దాయన. ఆ పిల్ల అన్నీ రాసుకుని, కలం పక్కన పెట్టి, "సార్, ఈసారి వరస దాటించే ఏర్పాటు పెట్టమంటారా, వద్దా?" అని నేరుగా అడిగేసింది.

"వద్దు మా," అన్నాడు పెద్దాయన. "అసలు వద్దే వద్దు."

మేనేజరు రాసుకున్నాడు. టీ వచ్చింది. తాగుతుండగా బల్ల మీద పెద్దాయన ఫోను మోగింది. ఆయన పేరు చూసి, ఎత్తకుండా ఉన్నాడు. మోగి మోగి ఆగింది. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. మళ్లీ మోగింది. ఆయన దాన్ని బోర్లించి పెట్టాడు. బల్ల మీద అది అట్లాగే వణుకుతూ ఉంది.

"హరితమ్మా," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "ఒక్కటి పెట్టు. రవంత చిన్నది. తెర మీద కనబడకుండా."